మళ్లీ వెళ్లకపోతే సరిపోదు

నగరంలోని ఒక మోస్తరు రెస్టారెంటులో రాత్రి భోజనం నిరాశపరిచినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు తెలుగువారి నోట దాదాపు ఒకే సమాధానం వినిపిస్తుంది. తిన్నంత తిని, బిల్లు కట్టి, ఇంకెప్పుడూ ఆ గడప తొక్కకపోతే సరిపోతుందన్నదే ఆ సమాధానం. దీనికి మూడు వైపుల నుంచి సమర్థన దొరుకుతోంది. ముందుకు వచ్చిన అన్నానికి వంక పెట్టకూడదని పెద్దలు చెబుతారు. ఆ ధరకు అంతకంటే మంచి భోజనం ఆశించడమే పొరపాటని లోకజ్ఞానం ఉన్నవారు చెబుతారు. జనం పోవడం మానేస్తే బాగోలేని హోటలు తానే దారికి వస్తుందని, లేదంటే మూతపడుతుందని పోటీ మీద నమ్మకం ఉన్నవారు చెబుతారు. ఈ మూడు సమర్థనలూ నిలిచేవి కావు. మౌనంగా తిని వెళ్లిపోయే అలవాటే నాసిరకం భోజనాన్ని నగరాల్లో ఏళ్ల తరబడి నిలబెడుతోంది; కంచం ఇంకా ముందు ఉండగానే, లోపాన్ని అక్కడికక్కడే చెప్పడం తప్ప దానికి వేరే విరుగుడు లేదు.

మోస్తరు రెస్టారెంటు అన్నప్పుడు స్టార్ హోటలునూ, టిఫిను బండినీ, మెస్సునూ పక్కన పెట్టాలి. హైదరాబాదులో అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతాల్లో 'ఫ్యామిలీ రెస్టారెంట్' అనో 'మల్టీ క్యుజీన్' అనో బోర్డు పెట్టుకుని, మెట్లెక్కి పైకి వెళ్తే ఏసీ హాలు, నలుగురేసి కూర్చునే బల్లలు, టమాటా సూపు దగ్గర మొదలై నూడుల్స్, తందూరీ, బిర్యానీ, మండీల మీదుగా ఖుబానీ కా మీఠా దాకా సాగే మెనూ కార్డు ఉండే చోటు ఇక్కడి విషయం. మధ్యతరగతి కుటుంబం పుట్టినరోజుకో, జీతం పడిన వారాంతానికో, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడో వెళ్లేది అక్కడికే. ఆ ఒక్క పూట కోసం ఇంట్లో మరేదో ఖర్చు వాయిదా పడి ఉండవచ్చు, పిల్లలు రెండు రోజులుగా ఎదురుచూస్తూ ఉండవచ్చు. అందుకే అక్కడి నిరాశను పట్టించుకోనక్కరలేని చిన్న విషయంగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఆ నిరాశ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే బిర్యానీ కంచాన్ని దగ్గరగా చూడాలి. హైదరాబాదీ కచ్చీ బిర్యానీకి పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలా, వేయించిన ఉల్లిపాయలతో నానబెట్టి హండీ అడుగున పరుస్తారు. దాని మీద సగం ఉడికిన బాస్మతి అన్నాన్ని పొరలుగా వేసి, మూత చుట్టూ పిండిముద్దతో మూసి, సన్నని సెగ మీద మగ్గనిస్తారు. బయటికి పోలేని ఆవిరితోనే మాంసమూ అన్నమూ కలిసి ఉడకడాన్ని దమ్ అంటారు. మూత తీసిన వేళకు మెతుకు మెతుకూ విడిగా, అడుగు మసాలా తడి పైదాకా ఎక్కి ఉంటుంది. అయితే హండీని ఒక్కో ఆర్డరుకు విడిగా వండరు, పదుల కంచాలకు సరిపడేలా ఒకేసారి ఎక్కిస్తారు. రద్దీని అంచనా వేసుకుని విడతలుగా హండీలు దించే చోట బిర్యానీ నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం మిగిలినదాన్ని రాత్రి హండీలో కలిపే చోటనో, ఏడు గంటలకు తీసిన హండీని పదిన్నర దాకా సెగ మీదే సాగదీసే చోటనో, ఆలస్యంగా వచ్చిన కుటుంబానికి పడే కంచం వేరు. పైన తెల్లగా ఎండి, కొసలు విరిగిన మెతుకులు ఉంటాయి. కింద నూనె, మసాలా కలిసి అన్నం ముద్దయి ఉంటుంది. ముక్క పైకి వేడిగా తగిలినా ఎముక దగ్గర చల్లగా ఉంటుంది. పక్క గిన్నెలో మిర్చీ కా సాలన్ మీద నూనె పొర పేరుకుని, రైతాలో నీళ్లూ పెరుగూ విడిపోయి ఉంటాయి. మష్రూమ్ బిర్యానీ, ప్రాన్స్ బిర్యానీ, పనీర్ బిర్యానీ అని మెనూలో విడి పేర్లతో, విడి ధరలతో కనిపించేవాటిలో చాలావాటికి దమ్‌తో సంబంధమే ఉండదు. సిద్ధంగా ఉన్న బిర్యానీ అన్నంలో అప్పటికప్పుడు వేయించిన కూర కలిపి పంపుతారు.

కూరల సంగతి కూడా ఇంతే. వందకు పైగా పేర్లున్న మెనూను ఏ వంటగదీ దేనికది విడిగా వండలేదు కాబట్టి, పొద్దున్నే పెద్ద గిన్నెల్లో రెండు మూడు మూల గ్రేవీలు తయారుచేసి పెట్టుకుంటారు: ఉల్లి, టమాటా వేయించినది ఒకటి, జీడిపప్పుతో తెల్లనిది ఒకటి, వెన్న, టమాటాతో మఖనీ ఒకటి. ఆర్డరు చీటీ, అంటే వంటగది భాషలో కేఓటీ, లోపలికి చేరగానే మాస్టరు గరిటెడు గ్రేవీని పెనంలో వేసి, పనీరో, కోడిమాంసమో, జీడిపప్పో కలిపి, పైన క్రీము చుక్కలు వేసి దించుతాడు. ముందస్తు తయారీ లేకుండా ఏ పెద్ద వంటగదీ నడవదు కాబట్టి ఇందులో మోసమేమీ లేదు. చిక్కంతా మెనూ పొడవులో ఉంది. అడిగేవారు తక్కువైన వంటకాల సరుకు ఫ్రిజ్‌లో రోజుల తరబడి నిలవ ఉంటుంది, అడిగేవారు ఎక్కువైన వంటకాలన్నీ ఒకే గ్రేవీ మీద నడుస్తాయి. మూడు పేర్లతో మూడు కూరలు తెప్పించుకున్న కుటుంబానికి ఒకటే రుచి మూడు గిన్నెల్లో దక్కుతుంది. పాతకాలపు చేతి నేర్పు పోయిందనీ, నేటి వంటవాళ్లకు శ్రద్ధ లేదనీ తరచూ వినిపించే మాట అందుకే అసలు కారణాన్ని తాకదు. పొయ్యి వెలిగించకముందే, మెనూ రాసినప్పుడూ, హండీల లెక్క వేసినప్పుడూ, మిగిలినదాన్ని ఏం చేయాలో తేల్చినప్పుడూ యాజమాన్యం తీసుకున్న నిర్ణయాల ఫలితమే ఆ కంచంలోకి వస్తుంది.

ఈ నిర్ణయాలు మార్చగలిగినవి. చల్లారిన సాలన్‌ను వేడి చేయడానికి కొద్ది నిమిషాలు చాలు; అడుగు మసాలా లేని కంచానికి బదులు హండీ లోతు నుంచి మరో కంచం తీయవచ్చు; కొత్త విడత దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుందని ముందే చెబితే కూర్చున్నవారు వేచి ఉండనూ వచ్చు. అయితే లోపం ఉందని వంటగదికి తెలియాలి. హాలుకూ వంటగదికీ మధ్య గోడ ఉంటుంది, మాస్టరుకు తినేవారి ముఖం కనిపించదు. సగం తిని వదిలేసిన కంచాలు నేరుగా గిన్నెలు తోమేచోటికి పోతాయి. కౌంటరు దగ్గర మేనేజరు బిల్లు ఇస్తూ ఎలా ఉందని అడిగితే బాగుందనే జవాబు వస్తుంది, ఆ జవాబుతో ఆ రోజు లెక్క ముగుస్తుంది.

సంప్రదాయం పేరుతో వచ్చే సమర్థనను ముందు పరిశీలించాలి, ఎందుకంటే బలమైనది అదే. వడ్డించిన విస్తరికి వంక పెట్టకూడదన్న నియమం గొప్పది, అయితే అది ఆతిథ్యానికి చెందిన నియమం. ప్రతిఫలం ఆశించకుండా ఒక ఇల్లాలు వండి పెట్టిన అన్నంలో ఉప్పు తగ్గిందని అతిథి అనడం ఆమె శ్రమను అవమానించడం అవుతుంది. ధర ముందే అచ్చువేసి, పన్నుతో సహా వసూలు చేసి, పేరు చెప్పి అమ్మిన వంటకానికి అదే నియమాన్ని వర్తింపజేస్తే యజమాని ఆతిథేయి అయిపోతాడు, డబ్బు కట్టినవాడు అతని దయకు తినే అతిథిగా మిగులుతాడు. అదీగాక తెలుగు భోజన సంప్రదాయం నిజానికి మౌనాన్ని కోరలేదు. పెళ్లి పంక్తిలో ఆడపెళ్లివారు విస్తళ్ల మధ్య తిరుగుతూ ఎవరికి ఏం కావాలో, ఏది అందలేదో అడిగి కొసరి కొసరి వడ్డించడం మర్యాదలో భాగం. ఆ అడగడం జవాబు కోసమే. నెలవారీ టికెట్లతో నడిచే మెస్సుల్లో ఈ సంభాషణ రోజూ జరుగుతుంది. ఉద్యోగులూ, పోటీ పరీక్షలకు చదివే యువకులూ రెండు పూటలా అక్కడే తింటారు కాబట్టి పప్పు పలచబడినా, చారు మొన్నటి వాసన వేసినా వడ్డించేవాడికి ఆ పూటే చెబుతారు, రాత్రికల్లా అది సరవుతుంది. పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, చారు, పెరుగు, ఒక పచ్చడి దాటని ఆ మెస్సు భోజనం చాలా రెస్టారెంట్ల విందు కంటే నమ్మదగినదిగా ఉండటానికి వంటకాలు కొన్నే కావడం ఒక కారణమైతే, తినేవారు నోరు విప్పడం రెండో కారణం.

పోటీయే అన్నీ సరిచేస్తుందన్న వాదన చదువుకున్నవారిలో ఎక్కువగా వినిపిస్తుంది. దీనికి జవాబు అర్థశాస్త్రం నుంచే ఉంది. సంస్థ నాణ్యత దిగజారినప్పుడు జనం స్పందించే దారులు రెండని అర్థశాస్త్రవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. విడిచిపెట్టి మరొకచోటికి పోవడం మొదటిది, దాన్ని నిష్క్రమణ అనవచ్చు. అక్కడే ఉండి అసంతృప్తిని చెప్పడం రెండోది, దాన్ని గళం అనవచ్చు. ఆయన ఆలోచనకు నైజీరియా రైల్వేల అనుభవం ప్రేరణ. వేరుశనగ వంటి సరుకును దూరప్రాంతాల నుంచి రేవులకు చేర్చడంలో లారీలు రైళ్లకు గట్టి పోటీ ఇచ్చినా రైల్వేలు బాగుపడలేదు. గట్టిగా అడగగలిగిన వర్తకులంతా లారీలకు మారిపోవడంతో రైల్వేల మీద ఒత్తిడి తెచ్చేవారే కరవయ్యారు. నాణ్యత పట్ల పట్టింపు ఉన్నవారు ముందుగా వెళ్లిపోతారు, మిగిలేది పట్టించుకోనివారే అన్న ఆ పరిశీలన నగర రెస్టారెంట్లకు అక్షరాలా సరిపోతుంది.

హిర్ష్‌మన్ చూపిన మరో విషయం ఇంకా ముఖ్యమైనది. ఒకే రకమైన లోపాలున్న సంస్థలు అనేకం ఉన్నచోట ఒకదానితో విసిగినవారు రెండోదానికి, రెండోదానితో విసిగినవారు మొదటిదానికి మారుతూ ఉంటారు; ఎవరికీ గిరాకీ తగ్గదు, ఎవరికీ సందేశం అందదు. ఒకే వీధిలో నాలుగు ఫ్యామిలీ రెస్టారెంట్లు ఒకే మెనూతో, ఒకే గ్రేవీల పద్ధతితో నడిచే చోట జరుగుతున్నది ఇదే. పైగా ఉద్యోగాలకూ చదువులకూ ఏటా కొత్త జనం వచ్చి చేరే హైదరాబాదు వంటి నగరంలో ఒక్కొక్కరు ఒక్కసారి వచ్చి మళ్లీ రాకపోయినా హాలు నిండుతూనే ఉంటుంది. కొనేముందు చూసి నాణ్యత తెలుసుకోగల సరుకుకూ, వాడితే తప్ప తెలియని సరుకుకూ తేడాను మరో అర్థశాస్త్రవేత్త ఫిలిప్ నెల్సన్ కూడా 1970లోనే వివరించాడు. రెండో రకాన్ని అనుభవ సరుకు అంటారు. భోజనం అనుభవ సరుకు. బోర్డునూ, దీపాలనూ చూసి లోపలికి వచ్చే కొత్త కుటుంబానికి అంతకుముందు వెళ్లిపోయినవారి నిరాశ ఏ రూపంలోనూ కనిపించదు. కాబట్టి మళ్లీ వెళ్లకపోవడం ఆ కుటుంబాన్ని మాత్రమే కాపాడుతుంది, రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయేవారిని అదే కంచానికి వదిలేస్తుంది.

ఇంటికి వెళ్లి ఫోనులో ఒక నక్షత్రం ఇచ్చి రెండు వాక్యాలు రాయడం ఈ లోటును తీరుస్తుందని కొందరంటారు. నిజాయితీగా రాసిన సమీక్ష వల్ల ప్రయోజనం ఉంది. అయితే డబ్బిచ్చి రాయించే సమీక్షల బెడద ఎంతగా పెరిగిందంటే 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్నే విడుదల చేయాల్సి వచ్చింది. బెడద సంగతి పక్కన పెట్టినా, మరుసటి రోజు రాసిన వాక్యం ఆ రాత్రి సాలన్‌ను వేడి చేయలేదు, ఏ హండీ, ఏ విడత అన్నది మాస్టరుకు చెప్పలేదు. మరో తేడా కూడా గమనించాలి. ఇంటికి తెప్పించుకున్న భోజనం బాగోలేకపోతే జనం వెంటనే ఫోటో తీసి, ఫిర్యాదు పెట్టి, డబ్బు వెనక్కి అడుగుతారు. ఆ నష్టం రెస్టారెంటు లెక్కల్లో కనబడుతుంది. అదే మనుషులు హాల్లో కూర్చుంటే మాట్లాడరు. పార్సిళ్ల బల్ల దగ్గర హడావిడి, హాల్లో బల్లల దగ్గర నిర్లక్ష్యం కనిపించడానికి ఈ తేడా ఒక కారణం.

ధర వాదన మీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు. అద్దెలు, జీతాలు, గ్యాసు, నూనె ధరలు యాజమాన్యాలను నలుపుతున్న మాట వాస్తవం. 2017 నవంబరు 15 నుంచి రెస్టారెంట్ల మీద జీఎస్టీని 5 శాతానికి తగ్గించినప్పుడు, సరుకుల కొనుగోలు మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలును తీసేయడం వారి భారాన్ని కొంత పెంచింది కూడా. తక్కువ ధరకు ఖరీదైన సరుకు అడగడం అన్యాయమే. అయితే వేడి, తాజాదనం, పేరుకు తగిన వంటకం అన్నవి ఖరీదైన సరుకులు కావు. తెల్లవారుజామున వీధి మొగలో బండి మీద ఇడ్లీ అమ్మే మనిషి అంతకంటే ఎంతో తక్కువ ధరకు ఆవిరి పోని ఇడ్లీని, అప్పుడే రుబ్బిన పచ్చడిని ఇవ్వగలుగుతున్నప్పుడు, నలుగురికి వేయి రూపాయలు దాటే బిల్లు వేసే చోట చల్లని అన్నానికి ధరను సాకుగా చెప్పడం చెల్లదు.

ఈ వ్యాసం వాదనకు అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. ఫిర్యాదు చేస్తే దెబ్బ పడేది యజమాని మీద కాదు, కంచం మోసుకొచ్చిన కుర్రాడి మీద. నగర రెస్టారెంట్లలో వడ్డించేవారిలో చాలామంది ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాలు, నేపాల్ నుంచి వచ్చినవారు. భాష పూర్తిగా రాదు, తరచూ వసతి కూడా యజమాని ఇచ్చినదే, ఉద్యోగానికి రాతపూర్వకమైన రక్షణ అరుదు. గొంతు పెంచి, వేలు చూపి, నలుగురి ముందు అతన్ని నిలదీసే అలవాటు కొందరికి ఉంది, అది హేయమైనది. అయితే ఈ అభ్యంతరం మౌనాన్ని సమర్థించదు, ఎవరికి ఎలా చెప్పాలో నేర్పుతుంది. ఆర్డరు రాసుకునే కెప్టెన్‌నో, మేనేజరునో పిలిచి, వడ్డించిన కుర్రాడి తప్పు ఇందులో లేదని ముందే స్పష్టం చేసి, లోపాన్ని నిర్దిష్టంగా చెప్పాలి. 'బాగోలేదు' అన్న మాటతో వంటగది ఏమీ చేయలేదు. 'ముక్క లోపల చల్లగా ఉంది', 'చేప వాసన వస్తోంది', 'మూడు కూరలూ ఒకే గ్రేవీ' అన్న మాటలతో చేయగలదు. పనిచేసేవారికి కూడా ఇదే మేలు. మిగిలిన అన్నం కలపవద్దని బిర్యానీ మాస్టరు యజమానితో వాదిస్తే ఒప్పించడం కష్టం. బల్లల దగ్గర నుంచి నాలుగు కంచాలు తిరిగి వచ్చిన రాత్రి ఆ మాటకు బలం వస్తుంది.

చట్టం ఎక్కడిదాకా తోడు వస్తుందో కూడా తెలిసి ఉండాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం భోజన, వసతి సదుపాయాలను సేవల్లో చేర్చింది కాబట్టి సేవాలోపం మీద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. బిల్లులో సర్వీస్ చార్జీని తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు వాటిని సవాలు చేయగా 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు మార్గదర్శకాలనే సమర్థించింది. తెలంగాణలో ఆహార భద్రత అధికారులు 2024లో హైదరాబాదు రెస్టారెంట్లలో వరసగా జరిపిన తనిఖీల్లో గడువు తీరిన సరుకులు, కృత్రిమ రంగులు, అపరిశుభ్రమైన వంటగదులు బయటపడ్డాయి. అదే ఏడాది అక్టోబరు చివరలో పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. ఇవన్నీ అవసరమైనవే. అయినా చట్టం పట్టుకునేది ప్రమాదాన్నీ, మోసాన్నీ మాత్రమే. ముద్దయిన అన్నాన్నీ, ఎండిన మెతుకునూ, రుచి లేని కూరనూ ఏ అధికారీ సీసాలో నమూనాగా తీసుకుని ప్రయోగశాలకు పంపడు. ఆ తనిఖీ తినేవారు మాత్రమే చేయగలరు, అదీ తింటున్నప్పుడే.

కాబట్టి ఈసారి కుటుంబంతో వెళ్లినప్పుడు కంచంలో తేడా కనిపిస్తే సగం తిన్నాక కాదు, మొదటి రెండు ముద్దలకే కెప్టెన్‌ను పిలిచి లోపం ఏమిటో చెప్పండి, మార్చి ఇమ్మని అడగండి. మార్చి తెచ్చింది బాగుంటే ఆ మాట కూడా అతనికి చెప్పండి. మార్చనంటే ఆ వంటకం ధర బిల్లులో వేయవద్దని మేనేజరును అడగండి. పక్క బల్లవారు వింటారన్న సంకోచం వద్దు, వాళ్లకు కూడా రాబోయేది అదే హండీలోని అన్నం.